ఎర్ర ఊలు కట్టిన కాయలు

సెప్టెంబర్ 24

లీవ్ మొదలైంది. మందుల షాపు ఓనరు మొహం మాడ్చుకుని రెండు నెలలు ఇచ్చాడు. అక్కని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు పడిపోయింది, మాట పోయింది. తల మాత్రం శుభ్రంగా పనిచేస్తోందట. అన్నీ అర్థమవుతాయట. డాక్టరు నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పాడు. నాకూ సంతోషం వేసింది. అన్నీ అర్థం కావాలి కదా మరి.

ఫిజియో పిల్ల వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. అక్క ఎడమ వేలు కదిపినా చప్పట్లు కొడుతుంది. చప్పట్లమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. చక్రాల కుర్చీని వంటింటి పక్కగదిలో కిటికీ దగ్గర పెట్టమంది. టీచర్ గారికి తోటంటే ప్రాణం కదా ఆంటీ, రోజూ తోట కనిపిస్తుంటే లేవాలన్న పట్టుదల వస్తుంది, మందులకంటే అదే గట్టిగా పనిచేస్తుంది అంది. చలికాలం పోయి విత్తనాలు వేసే టైముకి టీచర్ గారిని కర్రతో తోటలోకి నడిపించే పూచీ తనదంది.

అక్క ఎడమ కంట్లోంచి నీళ్ళు కారాయి. నాకు గుండె గుభేల్మంది. అంత తొందరగానా!

సెప్టెంబర్ 25

రాసుకోవడానికి సిగ్గేమిటి, ఎవరు చదువుతారు గనక. అక్క లేవడం నాకు ఇష్టం లేదు. చచ్చిపోవాలని కాదు. ఛీ, అలా ఎందుకనుకుంటాను. అలా కూర్చుని ఉంటే చాలు. శుభ్రంగా స్నానం చేయిస్తాను, జడ వేస్తాను, వేళకి తినిపిస్తాను. తోట జోలికి మాత్రం రాకూడదు.

ఇల్లు అక్కది, తోట అక్కది. ఇరవై ఏడేళ్ళుగా అందులో నేను నీళ్ళు మోశాను, ఆకులు ఊడ్చాను, కుండీలు కడిగాను. ఒక్క గింజ నాటలేదు. నాటనివ్వలేదు.

సెప్టెంబర్ 28, మధ్యాహ్నం

గుమ్మడికాయలు కోశాను. తొమ్మిది వచ్చాయి. కాయకి జానెడు తొడిమ వదిలి కొయ్యాలనేది అక్క రూలు, లేకపోతే నిలవుండదు, తొడిమ దగ్గర మెత్తబడి కుళ్ళుతుంది. ఈ జానెడు తొడిమ గురించి నేను ఏటా ఒక క్లాసు విన్నాను. రిటైరైన హెడ్మాస్టరమ్మకి స్టూడెంటుని నేనొక్కదాన్నే మిగిలాను.

మొదటి కాయని జానెడు తొడిమతోనే కోశాను. ఎత్తుకుని కిటికీ దాకా వెళ్ళి అక్కకి చూపించాను. బాగుంది అన్నట్టు తలాడించింది. అప్పుడు కత్తి తీసుకుని తొడిమని కాయకి ఆనించి చెక్కేశాను, గుండు కొట్టినట్టు. అక్క ఎడమ చెయ్యి కుర్చీ మీద టపటపా కొట్టుకుంది. నోట్లోంచి ఊ ఊ అని వచ్చింది. మిగతా ఎనిమిదీ కూడా అక్కడే, కిటికీ ముందే, ఒక్కొక్కటీ ఎత్తి చూపించి మరీ చెక్కాను.

కడుపు చల్లబడింది. చాలా ఏళ్ళ తర్వాత మధ్యాహ్నం కమ్మగా నిద్ర పట్టింది.

అక్టోబర్ 3

టమాటా మొక్కలు పీకేశాను. పచ్చికాయలు ఒక బుట్టెడు ఉన్నాయి. పేపరు పరిచి అరుగు మీద పెడితే ముగ్గుతాయి, అక్క ఏటా అలాగే చేస్తుంది. నేను కంపోస్టు గుంటలో పోశాను. చూస్తూనే ఉంది.

అక్టోబర్ 5

పక్కింటి పిన్నిగారు వచ్చి గంటసేపు కూర్చుంది. కన్నతల్లి కూడా ఇంతలా చెయ్యదమ్మా, అక్కకోసం తోట కూడా ఒంటిచేత్తో సర్దుతున్నావు, నీలాంటి చెల్లెలు దొరకడం ఆవిడ అదృష్టం అంది. అక్క వైపు తిరిగి, కదూ టీచర్ గారూ అని కూడా అడిగింది. నేను టీ ఇచ్చాను, బిస్కెట్లు పెట్టాను. అక్క నన్నే చూస్తూ కూర్చుంది. నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అక్టోబర్ 9

ఒక గుమ్మడికాయ మెత్తబడింది. తెచ్చి అక్క ఒళ్ళో పెట్టాను.

అక్టోబర్ 11

చిక్కుడు పందిరి దగ్గరికి ఇవాళే వెళ్ళాను. ఇన్నాళ్ళూ అటు వెళ్ళబుద్ధి కాలేదు.

లేతకాయలు ఎప్పుడో ముదిరిపోయాయి. వాటి మధ్యలో అక్కడక్కడా ఎర్ర ఊలు ముక్కలు కనిపించాయి. ఒంట్లో బాగున్నప్పుడే, ఆగస్టులో కట్టిపెట్టినట్టుంది. కాపులో అన్నింటికంటే మంచి కాయలకి అక్క ఎర్ర ఊలు కడుతుంది. కట్టిందంటే ఇంక అది విత్తనానికే. తీగమీదే ఎండాలి, ఊపితే లోపల గింజ గలగలమనాలి, అప్పుడు కోసి డబ్బాలో పెట్టాలి. ఊలు కట్టిన కాయ జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఎవరూ అంటే ఎవరున్నారు, నేనే.

లెక్కపెట్టాను, పద్నాలుగు. అమ్మ దగ్గర్నించి వచ్చిన విత్తనం అది. గింజ మెరూన్ రంగులో ఉంటుంది, ఒంటినిండా సన్నటి చుక్కలు, అంచున తెల్లటి గీత. ఇంకెక్కడా చూడలేదు నేను. షాపుల్లో దొరకదు. అమ్మ పోయేముందు డబ్బా అక్క చేతికిచ్చింది. పెద్దది కదా. అప్పట్నుంచి ఏటా కొన్ని కాయలు ఆపడం, మళ్ళీ వెయ్యడం. ఒక్క ఏడాది తప్పితే ఆ గింజ ఇంక లోకంలో ఉండదని అక్క అనేది. అదో పెద్ద రాజ్యమైనట్టు!

వెనక్కి తిరిగి చూశాను. అక్క కిటికీలో ముందుకి వంగి ఉంది. నేను పందిరి దగ్గరుంటే ఊపిరి కూడా తీసుకోదేమో.

ఏ కాయనీ ముట్టుకోకుండా వచ్చేశాను. భయపడనీ కొన్నాళ్ళు.

అక్టోబర్ 12

నిన్న రాయకుండా దాటేసింది ఇవాళ రాస్తాను.

నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు ఎనిమిదో నెలలో పాప పుట్టింది. ఏడవలేదు. పుట్టేసరికే లేదు. ఏడాది తిరక్కుండా నా మొగుడు ఇంకో ఊరు, ఇంకో సంసారం చూసుకున్నాడు. నేను ఒక సూట్‌కేసుతో అక్క దగ్గరికి వచ్చాను. అక్క పెళ్ళి చేసుకోలేదు, స్కూలు, తోట, అంతే. వచ్చిన మొదటి ఏడాది విత్తనాలు వేసే రోజున నాకు కొంచెం మనసు బాగుంది. మడి నేనే తవ్వాను. డబ్బా మూత తీసి గింజలు అరచేతిలో పోసుకున్నాను. చల్లగా, నున్నగా ఉన్నాయి. అక్క వచ్చింది. నా అరచెయ్యి పట్టుకుని గింజలన్నీ మళ్ళీ డబ్బాలోకి ఒంపుకుంది. నీ చెయ్యి వద్దులేవే, విత్తనం పాడవుతుంది అంది. మెల్లిగానే అంది, ప్రేమగానే అంది. పక్కింటి పిన్నిగారు గోడ అవతల నిలబడి వింటోంది.

మళ్ళీ ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనక్కర్లేకపోయింది. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసేది.

ఆ రోజు నేను నోరు మెదపలేదు. బకెట్ తీసుకుని నీళ్ళకి వెళ్ళాను. అదే నేను చేసిన తప్పు.

అక్టోబర్ 16

దానిమ్మలు కోశాను. కత్తెరతో కొయ్యాలి, లాగకూడదు. లాగాను. కొమ్మ బెరడు చీలి వచ్చింది.

అక్క ఎడమ చేత్తో బంతి పిసకడం ఇవాళ యాభై సార్లు చేసిందట. కుడి చేతి చూపుడు వేలు కూడా కాస్త వంగింది. చప్పట్లమ్మాయి ఇల్లు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టింది. టీచర్ గారి మొండితనం చూడండి ఆంటీ అని మురిసిపోయింది. నాకు చెబుతుందేమిటి అక్క మొండితనం గురించి!

నేను ఒక్కో మొక్క పాడు చేసేకొద్దీ అక్క ఇంకా గట్టిగా ఎక్సర్‌సైజ్ చేస్తోంది. లేచి వచ్చి నా చేతిలోంచి కత్తెర లాక్కోవాలని.

అక్టోబర్ 20

ఈ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

ఫిజియో పిల్ల అక్షరాల అట్ట తెచ్చింది. కావలసిన అక్షరం మీద అక్క ఎడమ వేలు పెడితే తను కూడబలుక్కుని చదువుతుందట. అక్క బడిపిల్లలా శ్రద్ధగా మొదలుపెట్టింది. చెమటలు పట్టాయి. తప్పు పడితే తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదట్నించి. మూడు మాటలకి ముప్పావు గంట పట్టింది.

గింజలు. చెల్లి. నాటాలి.

ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. నాకేసి చూసింది. చిక్కుడు విత్తనాలు ఈసారి నన్ను వెయ్యమంటోంది అని చెప్పాను. ఆ పిల్ల చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి నన్ను కావలించుకుని ఏడ్చింది. అక్క నావైపు చూసింది. ఎప్పుడూ చూడని చూపు. అడుక్కుంటున్నట్టు.

నాకూ కన్నీళ్ళు వచ్చాయి. వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో నాకు తెలుసు. ఒళ్ళు మండి వచ్చిన కన్నీళ్ళవి. ఇరవై ఏడేళ్ళు పనికిరాని చెయ్యి ఇవాళ పనికొచ్చిందా? తన చెయ్యి ఉన్నన్నాళ్ళూ ఇవ్వలేదు, పడిపోయాక ఇస్తోంది. ఇంకెవరూ లేరు కనక నేను. తప్పయింది అనలేదు. ఆ మాటకి కావలసిన అక్షరాలన్నీ ఆ అట్ట మీద ఉన్నాయి. వాళ్ళు చూడకుండా నేను వెతికి చూశాను.

అక్టోబర్ 21, ఉదయం 7

పద్నాలుగు కాయలూ కోశాను. గలగలమంటున్నాయి. అక్క చూస్తోంది. విత్తనానికే కోస్తున్నాననుకుంది. ఆ సగం మొహంతోనే నవ్వింది.

తర్వాత తీగ మొత్తం మొదలంటా నరికి, పందిరి మీంచి లాగి గుంటలో పడేశాను. దానికీ నవ్వుతూనే ఉంది. కాపు అయిపోయాక పందిరి శుభ్రం చెయ్యడం రూలే కదా.

అక్టోబర్ 21, సాయంత్రం 5

వలిచాను. యాభై తొమ్మిది గింజలు. పొద్దున్నే నానేశాను. రెండు సార్లు నీళ్ళు మార్చి ఉడకబెట్టాను. మెరూన్ రంగంతా నీళ్ళలోకి దిగిపోయింది, గింజలు మట్టిరంగుకి వచ్చాయి. గొంతులో అడ్డం పడకూడదని మెత్తగా మెదిపాను. ఉప్పు వేశాను, కాస్త వెన్న వేశాను. నేను వంట బాగా చేస్తాను, ఆ సంగతి అక్క కూడా ఒప్పుకుంటుంది.

ట్రేలో గిన్నె పెట్టాను. గిన్నె పక్కన ఎర్ర ఊలు ముక్కలు పద్నాలుగూ వరసగా పేర్చాను.

అక్క ఊలు చూసింది. గిన్నె చూసింది. నన్ను చూసింది. తల కుర్చీకి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంది. నేను చెంచా పట్టుకుని నిలబడ్డాను. మూతి బిగించుకుంటుంది, చేత్తో గిన్నె విసిరికొడుతుంది అనుకున్నాను. కొట్టాలనే ఎదురుచూశాను. కొడితే ఇరవై ఏడేళ్ళ కథంతా మొహం మీద కక్కేద్దామని సిద్ధంగా ఉన్నాను.

కళ్ళు తెరిచింది. నోరు తెరిచింది.

చెంచా తర్వాత చెంచా తింది. మింగడానికి చాలాసేపు పడుతుంది తనకి. ఒక్కోటీ మింగి మళ్ళీ నోరు తెరిచింది. ఆపెయ్యాలనిపించింది. గిన్నెలో ఇంకా సగం ఉంది, ఆపినా ఏం లాభం, ఉడికిన గింజ మొలకెత్తదు. ఆపలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించాను. మూతి తుడిచాను.

అక్టోబర్ 22

ఏమీ రాయాలని లేదు.

అక్టోబర్ 26

అక్క బంతి పట్టుకోవడం లేదు. చేతిలో పెడితే జారిపోతుంది. పడిపోయిన చెయ్యి సంగతి కాదు, బాగున్న చెయ్యి సంగతి.

ఫిజియో పిల్ల బతిమాలింది, పాట పాడింది, కోప్పడింది. ఏమైనా జరిగిందా ఆంటీ అని అడిగింది. ఏమీ లేదమ్మా, తిండి బాగానే తింటోంది అన్నాను. అబద్ధం కాదు. ఏది పెట్టినా నోరు తెరుస్తోంది.

అక్షరాల అట్ట ముందు పెడితే దాని వైపు చూడటం లేదు.

అక్టోబర్ 30

డాక్టరుకి ఫోన్ చేశాను. ఈ మొదటి నెలలే ముఖ్యం, ఇప్పుడు కండరాలు బిగుసుకుంటే తర్వాత ఎంత చేసినా రావు, ఇలాగే ఊరుకుంటే జన్మంతా కుర్చీయే అన్నాడు.

నేను కోరుకున్నదే కదా. అచ్చంగా ఇదే కోరుకున్నాను. మరి ఫోన్ పెట్టేశాక వంటింట్లో నేలమీద కూలబడి ఎందుకు ఏడ్చానో తెలియదు. పాప పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు, పక్కవాళ్ళు వింటారని.

అక్టోబర్ 31

ఆకులు ఊడ్చాను. ఒక కుండీ కావాలని బద్దలు కొట్టాను, కిటికీ ముందే, అక్కకి ఇష్టమైన నీలం కుండీ. తలెత్తింది. చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఎవరో దారిన పోయే మనిషి ఎవరిదో కుండీ పగలగొట్టినట్టు చూసింది.

కొట్టుకోవే అక్కా, కుర్చీ మీద టపటపా కొట్టు అని కిటికీ లోంచి అరిచాను. పక్కింట్లో తలుపు తీసిన చప్పుడైంది. నోరు మూసుకున్నాను.

నవంబర్ 2

పొద్దుటినుంచి కంపోస్టు గుంటలో ఉన్నాను. ఊలు కట్టని ముదురుకాయల్లో ఒక్కటైనా మిగలదా అని. గ్లౌజులతో తెలియడం లేదని తీసేసి ఒట్టి చేతులతో వెతికాను. కుళ్ళిన టమాటాలు, గుమ్మడి గుజ్జు, వానపాములు. అన్నీ నేను వేసినవే. తీగ దొరికింది, నల్లగా మగ్గిపోయి ఉంది. కాయలు బూజు పట్టాయి. ఒకదాంట్లో మూడు గింజలున్నాయి. ఉబ్బిపోయి ఉన్నాయి. వేళ్ళతో పట్టుకుంటే జిగురుగా చితికిపోయాయి.

పందిరి కింద మట్టి కూడా జల్లించాను. బీరువాలో డబ్బా చూశాను. డబ్బా అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. అన్నీ ప్రతి ఏడూ వేసేస్తుంది, అక్క దేన్నీ దాచిపెట్టదు.

నవంబర్ 5

విత్తనాల షాపులో చిక్కుడు ప్యాకెట్ కొన్నాను. లేత గోధుమరంగు గింజ, అంచున తెల్లటి గీత ఉంది. చుక్కలు లేవు. అయినా ఏముంది, అక్క కళ్ళజోడు పెట్టుకోవడం కూడా మానేసింది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. బీట్‌రూట్ నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాను, కొంచెం రంగు పట్టినట్టే ఉంది.

నలభై ఎనిమిదేళ్ళ కిందట అమ్మ దగ్గర చాక్లెట్ దొంగిలించి కాగితంలో గులకరాయి చుట్టిపెట్టాను. అప్పుడూ ఇంతే నమ్మకంగా ఉన్నాను.

నవంబర్ 6

డబ్బా తీసుకుని అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అన్నీ వండలేదే, సగం దాచాను, నిన్ను ఏడిపించాలని అలా చేశాను, చూడు, చలికాలం పోగానే వేస్తాను, నువ్వు దగ్గరుండి వేయించు అన్నాను. ఒట్టు కూడా వేశాను.

అక్క చాలాసేపు నావైపు చూసింది. రెండు వారాల తర్వాత మొదటిసారి ఎడమ చెయ్యి ఎత్తింది. నాకు ప్రాణం లేచివచ్చింది. డబ్బాలోంచి ఒక గింజ తీసుకుంది. బొటనవేలితో దాని అంచు తడిమింది. చూడలేదు కూడా, తడిమింది అంతే. ముప్పై ఎనిమిదేళ్ళు తడిమిన వేలు కదా. వేలికి బీట్‌రూట్ రంగు అంటింది.

ఆ గింజని నా అరచేతిలో పెట్టింది. నా వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి గుప్పిట మూసింది. తర్వాత తన చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

నేను తిట్టించుకోవడానికి వచ్చాను. కొట్టించుకోవడానికైనా వచ్చాను. ఇలా చేస్తుందనుకోలేదు.

నవంబర్ 7, ఉదయం 10

పాలు కాచి తెచ్చేసరికి కుర్చీ గోడవైపు తిరిగి ఉంది.

నేను రెండు బ్రేకులూ వేసి వెళ్ళాను, బాగా గుర్తు. ఇంట్లో మూడో మనిషి లేదు. ఎడమవైపు బ్రేకు సరే. కుడివైపు బ్రేకు తియ్యాలంటే ఎడమ చెయ్యి ఒంటికి అడ్డంగా చాచి, నడుం వంచి, అంతదూరం అందుకోవాలి. తర్వాత చక్రం తొయ్యాలి, కాలితో నేలని తన్ని పట్టాలి. ఎంతసేపు పట్టిందో. చీర భుజం దగ్గర చెమటకి తడిసిపోయింది.

గోడమీద ఏమీ లేదు. ఒట్టి సున్నం. దాన్నే చూస్తోంది.

నవంబర్ 8

ఫిజియో పిల్లకి చెప్పాను. నమ్మలేదు. కుర్చీని కిటికీ వైపు తిప్పి బ్రేకులు వేసి, ఇద్దరం తలుపు చాటున నిలబడ్డాం. అక్క పదకొండు నిమిషాల్లో తిప్పుకుంది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. నడుం వంగింది ఆంటీ, కాలు కూడా పనిచేసింది ఆంటీ, ఇన్ని రోజులుగా నేను చేయించాలనుకుంటున్న కదలికలన్నీ ఒక్క దాంట్లోనే ఉన్నాయి అంది. దీనికంటే మంచి ఎక్సర్‌సైజ్ లేదట. రోజుకి ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు కిటికీ వైపు తిప్పి పెట్టమంది. ఆవిడే తిప్పుకుంటారు, మీరు సాయం చెయ్యకండి, ఓపికగా మళ్ళీ తిప్పండి అంది.

ఇంతకీ టీచర్ గారికి గోడ అంటే అంత ఇష్టమేమిటి అని నవ్వింది. నేనూ నవ్వాను.

నవంబర్ 15

తోట సర్దడం అయిపోయింది. పందిరి గుంజలు కట్టగట్టి షెడ్లో పెట్టాను. దానిమ్మకి చీలిన చోట గుడ్డ చుట్టాను. మడులు తవ్వాను, ఆకులు కప్పాను. అన్నీ అక్క పద్ధతిలో చేశాను, ఒక్కటీ తప్పకుండా. పని అయ్యాక కిటికీ కేసి చూశాను. పొద్దున నేను వేసిన జడ కనిపించింది.

నవంబర్ 23

ఉదయం తిప్పాను. తిప్పుకుంది.

మధ్యాహ్నం తిప్పాను. తిప్పుకుంది. నాలుగు నిమిషాలే పట్టింది.

సాయంత్రం తిప్పాను.

చెయ్యి బాగా బలం పుంజుకుంటోంది.